నూటికి నూరు తృప్తి, పళ్లు మాత్రం స్టీలు డబ్బాలో

ప్రశ్న: మా విశ్రాంత ఉద్యోగుల సంఘం దాతల సాయంతో టెక్కలి దగ్గరి ఒక ఊళ్లో 40 మంది వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్లు పెట్టించింది. మూడో వారంలో సమావేశం పెట్టి ‘చాలా తృప్తి, తృప్తి, ఫరవాలేదు, అసంతృప్తి’ అనే నాలుగు గళ్లున్న కాగితం ఇచ్చాం. వచ్చిన 31 మందీ ‘చాలా తృప్తి’ దగ్గరే టిక్కు పెట్టారు. సంతోషించాం. తర్వాత సంక్రాంతికి ఊళ్లో తిరిగితే చాలామంది పళ్లు లేకుండానే కనిపించారు. ఒకావిడ స్టీలు డబ్బాలో దాచిన పళ్లు చూపించి, ‘పెళ్లిళ్లకి పెట్టుకుంటాను బాబూ’ అన్నారు. ఇంకొకాయనకు కింది సెట్టు ఎక్కడ పెట్టారో గుర్తు లేదు. దాతకు నివేదిక పంపాలి. నూటికి నూరు శాతం తృప్తి అని రాయవచ్చా? అసలు పెద్దవాళ్ల తృప్తిని సరిగ్గా కొలిచే పద్ధతి ఉందా? పై సెట్టు మాత్రమే పెట్టుకుంటున్నవాళ్లకు ఏమి చెప్పాలి?
— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

రాయకండి మాస్టారూ. తరగతిలో ముప్పై ఒక్కమందికీ నూటికి నూరు మార్కులు వస్తే మీరు పిల్లలను మెచ్చుకునే ముందు ప్రశ్నపత్రం తెప్పించుకుని చూసి ఉండేవారు. ఇప్పుడూ అదే చేద్దాం.

మీ కాగితం పైకి పళ్ల గురించే అడిగింది. కానీ అడిగినవారు ఆ పళ్లు ఇప్పించినవారు. అడిగింది బ్యానరు కట్టిన సమావేశంలో, తోటివాళ్ల మధ్య. అలాంటి చోట డెబ్బై అయిదేళ్ల మనిషి లేచి ‘కింది పళ్లు గుచ్చుకుంటున్నాయి’ అంటారా? పెట్టిన చేతికి వంక పెట్టడం మన పెద్దవాళ్లకు చేతకాని పని. పైగా కొందరికి అక్షరాలు ఆనవు, కొందరికి చదువే రాదు. పక్కనున్న కుర్రాడెవరో ‘ఇక్కడ పెట్టండి తాతా’ అని మొదటి గడి చూపించి ఉంటాడు. ఆ 31 టిక్కులు మీ సంఘం మీద వాళ్లకున్న గౌరవానికి పడ్డవి. ఆ గౌరవం చిన్నదేమీ కాదు, కానీ దాత డబ్బు ఇచ్చింది దాన్ని కొనడానికి కాదు కదా.

లెక్కలో కూడా ఒక చిక్కు ఉంది. పళ్లు తీసుకున్నవాళ్లు 40 మంది. వచ్చిన 31 మందీ నిజమే చెప్పారనుకున్నా అది 77.5 శాతమే అవుతుంది. రాని తొమ్మిదిమంది ఏమయ్యారు? కొందరు విశాఖలోనో హైదరాబాదులోనో కొడుకుల దగ్గరకు వెళ్లి ఉండవచ్చు. ఒకరిద్దరు మంచం పట్టి ఉండవచ్చు. మిగిలినవాళ్లు ‘పళ్లేవి?’ అని అడుగుతారనే భయంతోనే రాలేదేమో. తృప్తిని కొలిచేటప్పుడు ఎక్కువ సంగతులు తెలిసేది ఇలా రానివాళ్ల దగ్గరే. మీ మలివిడత పని వాళ్ల ఇళ్లతో మొదలు కావాలి.

మూడో వారం అడగడం కూడా తొందరపాటే. కొత్త సెట్టు నోట్లో పడగానే నోరు దాన్నొక తినే వస్తువనుకుని ఉమ్మి ఊరిస్తుంది. నాలుక ఎటు వెళ్లాలో తెలియక తడబడుతుంది. బుగ్గలు మధ్యలో నలుగుతాయి. నాలుక, బుగ్గలు, దవడ కండరాలు ఈ కొత్త పని నేర్చుకుని నమలడం ఒక దారిన పడడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మూడో వారంలో వచ్చే జవాబుల్లో ఆశ ఎక్కువ, అనుభవం తక్కువ. రెండు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి అడగండి. మరోసారి శిబిరం పెడితే పళ్లు ఇవ్వకముందే ఒకసారి అడిగి రాసుకోండి. మొదట ఎక్కడున్నారో తెలియకపోతే ఎంత దూరం వచ్చారో చెప్పలేము.

ఇక మీ అసలు ప్రశ్న. పద్ధతులు ఉన్నాయి, కొన్నింటికి మంచి పేరు కూడా ఉంది. వృద్ధుల నోటి ఆరోగ్యం వాళ్ల బతుకును ఎలా తాకుతోందో తెలుసుకోవడానికి 1990లో అమెరికాలో ఆచిసన్, డోలన్ అనే ఇద్దరు 12 ప్రశ్నల పట్టిక తయారు చేశారు. దాన్ని ‘గోహాయ్’ అంటారు. 1994లో ఆస్ట్రేలియాలో స్లేడ్, స్పెన్సర్ 49 ప్రశ్నలతో ‘ఓహిప్’ అనేదాన్ని తెచ్చారు. అన్ని ప్రశ్నలకు ఓపిక ఎవరికుంటుంది? 1997లో స్లేడే దాన్ని 14 ప్రశ్నలకు కుదించారు. అయితే ఆ కుదింపులో పళ్లన్నీ పోయినవాళ్లకు పనికొచ్చే ప్రశ్నలు కొన్ని జారిపోయాయి. ఆ లోటు తీర్చడానికి అలెన్, లాకర్ 2002లో కట్టుడు పళ్లవారి కోసమే 19 ప్రశ్నలు ఏరి పెట్టారు. ఆహారం సెట్టు కింద ఇరుక్కుంటోందా, పుండ్లు పడుతున్నాయా, కొన్ని పదార్థాలకు దూరంగా ఉంటున్నారా, నలుగురిలోకి వెళ్లడానికి సంకోచిస్తున్నారా, తినడం మధ్యలో ఆపాల్సి వస్తోందా, ఇలా సాగుతాయవి. ప్రతిదానికీ ‘ఎప్పుడూ లేదు’ నుంచి ‘చాలా తరచుగా’ దాకా అయిదు మెట్ల జవాబు. ఒక జాగ్రత్త చెప్పాలి. ఓహిప్‌లో అంకె పెరిగితే బాధ పెరిగినట్టు, గోహాయ్‌లో అంకె పెరిగితే బాగున్నట్టు. రెండూ కలిపి వాడి తలకిందులుగా చదువుకునే ప్రమాదం ఉంది.

పరిశోధన చేసేవాళ్లు, ఫలితాన్ని పత్రికకు పంపాలనుకునేవాళ్లు ఈ పట్టికలనే వాడాలి. తెలుగులోకి తెచ్చి, మళ్లీ వెనక్కి అనువదించి, పదిమంది మీద పరీక్షించి చూడాలి. మీకు అంత పని అక్కర్లేదు. వాటి ఎముకల గూడు తీసుకుని కండ మన ఊరిది పెట్టుకుంటే చాలు. ఎందుకంటే ఉన్నదున్నట్టు తెస్తే కొన్ని ప్రశ్నలు మన ఇళ్లలో నవ్వులపాలవుతాయి. ‘పళ్ల ఇబ్బంది వల్ల ఇతరుల మీద విసుక్కున్నారా?’ అనేది ఓహిప్‌లో ఒక ప్రశ్న. గుమ్మంలో కోడలు నిలబడి ఉండగా అత్తగారు దానికి ఏమి చెబుతుందనుకుంటున్నారు?

మీ ఉత్తరంలో అన్నిటికంటే నిజాయితీ గల జవాబు ఆ పెళ్లిళ్ల ఆవిడది. ఆమె అబద్ధం చెప్పలేదు. కాగితం మీద ‘చాలా తృప్తి’ అన్నప్పుడూ చెప్పలేదు. నవ్వితే ముఖం నిండుగా ఉండాలన్న కోరిక ఆమెకు తీరింది. తినడానికి మాత్రం ఆ పళ్లు పనికిరాలేదు. మనం తిండి కోసమని ఇస్తే ఆమె రూపు కోసం వాడుకుంటున్నారు. ఇలాంటివాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకుని, కంచం ముందు కూర్చోగానే తీసి గ్లాసులో వేస్తారు. వాళ్ల తృప్తికి ఒకే గడి ఇస్తే ఈ కథంతా దాని కింద మునిగిపోతుంది. అందుకే నమలడం, మాట, రూపు, నొప్పి, పట్టు, కడుక్కోవడం అనే ఆరింటినీ విడివిడిగా అడగాలి. మొత్తం మీద ఎలా ఉందనేది చివర అడగాలి. మొదటే అడిగితే మొహమాటానికి ‘బాగుంది’ అనేసి, ఆ మాట నిలబెట్టుకోవడానికి మిగిలినవన్నీ బాగున్నాయనే చెబుతారు.

పై సెట్టుకూ కింది సెట్టుకూ కూడా ప్రశ్నలు వేరుగా ఉండాలి. ఇది చాదస్తం కాదు. పై సెట్టు అంగిలినంతా కప్పి, మధ్యలో పలుచని ఉమ్మి పొర ఉండగా అంచుల దగ్గర గాలి చొరకుండా పట్టుకుంటుంది. దానికి ఆనుకోవడానికి సుమారు 23 చదరపు సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. కింది సెట్టుకు దొరికేది దాదాపు అందులో సగం, సుమారు 12. అదీ గుర్రపు లాడం ఆకారంలో, మధ్యలో కదిలే నాలుకతో. పళ్లు పోయాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 25 ఏళ్లపాటు కట్టుడు పళ్లవారిని గమనించి 1972లో ప్రచురించిన అధ్యయనంలో కింది ఎముక పైదానికంటే దాదాపు నాలుగు రెట్లు అరిగిందని తేలింది. కాబట్టి మీ ఊరాయన కింది సెట్టు ఎక్కడ పెట్టారో మరిచిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎక్కడైనా ఎక్కువ ఇబ్బంది పెట్టేది కింది సెట్టే. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, కింది దవడలో రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలోకి బిగించే లోహపు మరలు, దించి వాటి మీద సెట్టు నిలపడమే మొదటి ఎంపిక కావాలని తీర్మానించారు. ఉచిత శిబిరాల్లో అది ఇవాళ అయ్యే పని కాదు, కానీ కింది సెట్టు మీద వచ్చే ఫిర్యాదు ముసలివాళ్ల పేచీ కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తిండి ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ‘అన్నం తినగలుగుతున్నారా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. చోడి అంబలికి, గంజికి, పెరుగన్నానికి, ఇడ్లీకి పళ్లతో పనేముంది? చిగుళ్లు చాలు. అన్నం, బీరకాయ కూర, మెత్తగా ఉడికిన వంకాయ, పప్పు, చేప ముక్క, అట్టు కాస్త పై మెట్టు. చపాతీ, గోరుచిక్కుడు, పనసపొట్టు కూర, మాంసం ఇంకో మెట్టు. మునక్కాడ ఇక్కడే వస్తుంది. దాన్ని పళ్ల మధ్య పెట్టి గుజ్జు లాగి పిప్పి ఉమ్మగలిగితే పై సెట్టూ కింది సెట్టూ కలిసి పని చేస్తున్నట్టే. అన్నిటికంటే పై మెట్టులో జంతికలు, వేయించిన వేరుశనగ గుళ్లు, పలాస జీడిపప్పు, తేగలు, దోర జామకాయ ఉంటాయి. విదేశీ పట్టికల్లో ఆపిల్, క్యారెట్ ఉన్న చోట మీరు ఇవి రాసుకోండి. ఒక్కొక్క పదార్థం పేరు చెప్పి ‘పళ్లతో తింటున్నారా, తీసేసి తింటున్నారా, అసలు మానేశారా?’ అని మూడే జవాబులు పెట్టండి. మానేశారంటే ఎప్పటి నుంచో అడగండి. ‘మాంసం మానేసి పదేళ్లయింది, ఇప్పుడు మనసు కూడా పోదు’ అనేవాళ్లు ఉంటారు. ఆ మనిషి తృప్తిగానే ఉన్నారు, కానీ అది పళ్లు తెచ్చిన తృప్తి కాదు.

ఆ చివరి మెట్టులో ఓడిపోతే పళ్లు చెడ్డవని రాసేయకండి. పూర్తి సెట్టుతో కొరికే బలం సొంత పళ్ల బలంలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటుంది. జామకాయను ముందు పళ్లతో కొరికితే సెట్టు వెనక వైపు లేచిపోతుంది. ముక్కలు కోసుకుని, రెండు పక్కలా సమంగా పెట్టుకుని నమలాలి. ఈ సంగతి శిబిరంలో ఎవరైనా చెప్పారా? చాలా శిబిరాల్లో ‘అచ్చం మీ సొంత పళ్లలాగే ఉంటాయి’ అని చెప్పి పంపిస్తారు. తర్వాత పుట్టే అసంతృప్తిలో సగానికి ఆ ఒక్క వాక్యమే కారణమని నా నమ్మకం.

నమలడాన్ని ప్రయోగశాలలోనూ కొలుస్తారు. 1950లో మ్యాన్లీ, బ్రేలీ వేరుశనగ గుళ్లు నమలమని ఇచ్చి, నమిలినదాన్ని జల్లెడలతో వడకట్టి, ఎంత మెత్తగా నలిగిందో కొలిచారు. ఇప్పుడు రెండు రంగుల చూయింగ్ గమ్ ఇచ్చి రంగులు ఎంత కలిశాయో చూస్తున్నారు. చక్కటి పరీక్షలే. చిత్రమేమిటంటే, వాటిలో వచ్చే అంకెకూ మనిషి చెప్పే తృప్తికీ పొత్తు అంతంత మాత్రమే. పళ్ల డాక్టరు సెట్టును పరీక్షించి ఇచ్చే మార్కులకూ వేసుకున్న మనిషి తృప్తికీ కూడా అంతే. పదిహేనేళ్ల పాత సెట్టు, పళ్లు అరిగి నున్నగా అయిపోయి, ముక్కూ గడ్డం దగ్గరపడిన మనిషి ‘నాకు ఇవే హాయి’ అంటారు. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేయదగ్గ కొత్త సెట్టు వేసుకున్న మనిషి రోజూ ఆస్పత్రి చుట్టూ తిరుగుతారు. దీనికి పళ్ల డాక్టర్లు కనిపెట్టిన సులువైన వివరణ, తప్పు మనిషి స్వభావానిదని. పోయిన శతాబ్దంలో హౌస్ అనే అమెరికన్ దంతవైద్యుడు కట్టుడు పళ్ల కోసం వచ్చేవాళ్లను నాలుగు స్వభావాలుగా విడగొట్టాడు. ఆ విభజన ఇప్పటికీ కాలేజీల్లో చెబుతారు. చదువుకోవడానికి సరదాగా ఉంటుంది, కానీ నోట్లో పుండు ఉందో లేదో చూడకముందే ‘ఈవిడ సణిగే రకం’ అని చీటీ అంటించడానికే అది ఎక్కువగా ఉపయోగపడింది.

మాటను పరీక్షించడం తేలిక. ‘సంత’, ‘సోమవారం’, ‘ఫలహారం’, ‘వంశధార’ అనమనండి. ఈల వినిపిస్తోందా, పళ్లు టకటక తగులుకుంటున్నాయా అన్నది మీ చెవికే తెలుస్తుంది. రెండు నెలలు దాటాక కూడా టకటకమంటుంటే సెట్టు ఎత్తు ఎక్కువైందేమో, పట్టు చాలలేదేమో డాక్టరు చూడాలి.

ఇక జవాబును అంకెగా మార్చడం. పరిశోధనల్లో 100 మిల్లీమీటర్ల గీత గీసి ‘మీ తృప్తి ఎక్కడుందో గుర్తు పెట్టండి’ అంటారు. కాగితం మీద గీతను తృప్తిగా ఊహించుకోవడం చదువుకున్నవాళ్లకే కష్టం. నవ్వే ముఖం, ఏడ్చే ముఖం బొమ్మలు పెడితే పెద్దవాళ్లు నవ్వే ముఖాన్నే ఎంచుకుంటారు, ఏడుపు ముఖాన్ని వేలితో తాకడం అశుభంగా ఉంటుంది మరి. మీరు పది చింతగింజలు పట్టుకెళ్లండి. ‘పై పళ్లతో నమలడం పూర్తిగా బాగుంటే పది గింజలూ ఇటు జరపండి, అసలు బాగాలేకపోతే ఒక్కటీ జరపవద్దు’ అని చెప్పి ఊరుకోండి. పల్లెల్లో సర్వేలు చేసేవాళ్లు గింజలతో, రాళ్లతో ఇలా లెక్కలు వేయించడం కొత్తేమీ కాదు. నోటితో ‘బాగుంది బాబూ’ అన్న మనిషి చేయి ఆరో గింజ దగ్గర ఆగిపోవడం మీరే చూస్తారు. అప్పుడు ‘మిగతా నాలుగు ఎందుకు ఆగిపోయాయి?’ అని అడగండి. అక్కడి నుంచి వచ్చే మాటలను వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

అయితే ఇంతకంటే ముందు, ఏమీ అడగకుండా రాసుకోవాల్సినది ఒకటి ఉంది. గుమ్మం దగ్గర పలకరించినప్పుడు పళ్లు నోట్లో ఉన్నాయా, లేవా? చెప్పకుండా వెళ్లిన రోజు కనిపించినదే లెక్క. తర్వాత నిన్నటి సంగతి అడగండి. నిన్న మధ్యాహ్నం కూర ఏమిటి, ముక్కలు నమిలారా పక్కన పెట్టారా, అప్పుడు పై సెట్టు ఉందా, కింది సెట్టు ఉందా. ‘మామూలుగా ఎలా తింటారు?’ అంటే మామూలు జవాబే వస్తుంది. నిన్నటి గురించి అడిగితే మొహమాటానికి చోటు తగ్గుతుంది. ‘ఇబ్బందేమీ లేదు కదా?’ అని మాత్రం పొరపాటున కూడా అనకండి. జవాబు ప్రశ్నలోనే ఇచ్చేసినట్టవుతుంది.

ఎవరు అడగాలి? మీరు కాదు మాస్టారూ, మీ సంఘం సభ్యులెవరూ కాదు, పళ్లు కట్టిన డాక్టరు అసలే కాదు. పక్క ఊరి డిగ్రీ విద్యార్థులు ఇద్దరు ముగ్గురికి ఒక పూట నేర్పి పంపండి. ఆడవాళ్లను అమ్మాయిలు అడిగితే మేలు. ఇంట్లోవాళ్లు కాస్త దూరంగా ఉండాలి. ప్రశ్న చదివి వినిపించాలి, గట్టిగా, నిదానంగా. ఇంకొకటి, నెల ఒకటో తారీఖున వెళ్లనివ్వకండి. ఆ రోజు పెద్దవాళ్లంతా ఇంటి దగ్గరే ఉంటారు కాబట్టి పని సులువని తోస్తుంది. కానీ గ్రామ సచివాలయం సిబ్బంది ఇంటింటికీ పింఛను పంచే రోజు అది. పెన్నూ కాగితం పట్టుకుని ఎవరు వచ్చినా పింఛను తనిఖీ అనుకుంటారు. పింఛను భయం ఉన్న చోట ‘అంతా బాగుంది’ తప్ప ఇంకో జవాబు రాదు.

తృప్తి కొలిచే పనిలో తృప్తితో సంబంధం లేనిదాన్ని ఒకదాన్ని కలపమని అడుగుతున్నాను. ఆ పూటే ఒక డాక్టరు చేత సెట్టు తీయించి నోరు చూపించండి. సెట్టు కింద అంగిలి ఎర్రబడే జబ్బు చాలాసార్లు నొప్పి పుట్టించదు. రాత్రిళ్లు తీయకుండా పడుకునేవాళ్లలో, సరిగా కడగనివాళ్లలో ఫంగస్ చేరి వస్తుంది. ఆ మనిషి పది గింజలూ జరిపేస్తారు, లోపల అంగిలి ఎర్రగా ఉంటుంది. మన జిల్లాలో దీనికి తోడు అడ్డపొగ ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో ఎంత ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అంగిలి మీద దాని ప్రభావాన్ని అధ్యయనం చేయడానికి ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ దంత పరిశోధకులు, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్ శ్రీకాకుళం జిల్లా పల్లెల దాకా వచ్చారు. అంగిలి క్యాన్సరుకు దారి తీసే అలవాటు అది. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, పుండు ఏది ఉన్నా అద్దంలో కనిపించదు. చుట్ట కాల్చేటప్పుడు సెట్టు ఉంచుకుంటారా, తీస్తారా అని కూడా అడగండి. రెండు వారాలు దాటినా మానని పుండు కనిపిస్తే తృప్తి లెక్క పక్కన పెట్టి ముందు ఆస్పత్రికి పంపండి.

నోరు ఎండిపోతోందా అన్న ప్రశ్న కూడా చేర్చండి. ఉమ్మి పొర లేకపోతే ఎంత మంచి సెట్టయినా నిలవదు, ఒరుసుకుని పుండ్లు పడతాయి. రక్తపోటుకు, అలర్జీకి, నిద్రకు, దిగులుకు వాడే మందుల్లో చాలావాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో నీళ్లు కొలిచి తాగాల్సినవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. వాళ్లలో ఎవరికైనా పళ్లు ఇచ్చి ఉంటే వాళ్ల అంకెలను విడిగా చదవండి.

ఇంత అడిగి, రాసుకుని, ఊరుకుంటే అడగకపోవడమే నయం. ఫిర్యాదు దొరికిందంటే చేయాల్సిన పని దొరికిందని అర్థం. ఒకే చోట గుచ్చుకుంటుంటే డాక్టరు అక్కడ కొద్దిగా అరగదీస్తే సరిపోతుంది. ఒక్క పది నిమిషాల పని. అది జరగకే సెట్లు డబ్బాల్లోకి వెళతాయి. వదులుగా ఉంటే లోపలి వైపు కొత్త పొర పోయిస్తారు, రీలైనింగ్ అంటారు. పెదవుల మూలలు పగులుతుంటే, బుగ్గ లోపల కొరుక్కుంటుంటే పళ్ల అమరిక మళ్లీ చూడాలి. నువ్వులు, జామ గింజలు కిందికి దూరుతున్నాయంటే అది కొంతవరకు ఎవరికైనా తప్పదు, తిన్నాక తీసి కడుక్కోవడం నేర్పాలి. ఇంట్లో గరుకు కాగితంతో రుద్దుకోవడం, విరిగితే బజారు జిగురుతో అతికించుకోవడం మాత్రం మాన్పించండి. వేడినీళ్లలో వేస్తే సెట్టు వంగిపోతుందని కూడా చెప్పండి. రాత్రికి తీసి, మెత్తటి బ్రష్షుతో సబ్బు నీళ్లతో తోమి, చల్లని నీళ్లలో వేసి ఉంచాలి.

పళ్లు ఇచ్చిన మర్నాడు, వారానికి, నెలకు డాక్టరు చూడకపోతే అది సగం చికిత్సే. పిల్లలు దూరాన ఉన్న ముసలివాళ్లు ఒక అరగదీత కోసం బస్సెక్కి పట్నం వెళ్లరు. కాబట్టి దాతకు రాసే నివేదికలో ఈ లెక్క పెట్టండి. 40 మందికి ఇచ్చాం, ఇంతమందిని కలిశాం, చెప్పకుండా వెళ్లిన రోజు ఇంతమంది నోట్లో పై సెట్టు ఉంది, ఇంతమంది నోట్లో కింది సెట్టు ఉంది, ఇంతమంది నిన్న వాటితో నమిలారు, ఇంతమందికి సవరణ అవసరం, దానికి ఇంత ఖర్చు. 31 టిక్కుల సంగతి కూడా దాచకండి, ఎలా అడిగామో రాస్తే చదివేవారే అర్థం చేసుకుంటారు. ఈ నివేదిక చూసి మొహం చిట్లించే దాత అయితే మీకు కావలసింది ఇంకో దాత.

చివరికి మీ పై సెట్టు ప్రశ్న. పై సెట్టు మాత్రమే పెట్టుకునేవాళ్లను కసరకండి. కింద పళ్లేవీ లేనివాళ్లకు దాని వల్ల పెద్ద హాని లేదు. మాట, రూపు సగానికి పైగా దక్కుతాయి, నమలడమే దక్కదు. కింద ముందువైపు నాలుగైదు సొంత పళ్లు మిగిలి ఉన్నవాళ్ల సంగతి వేరు. ఆ పళ్లు పై సెట్టు ముందు భాగాన్ని అదేపనిగా పొడుస్తూ పై ఎముకను ముందువైపు కరిగిస్తాయి. దీన్ని కెల్లీ అనే దంతవైద్యుడు 1972లోనే వివరించారు. అలాంటివాళ్ల పేర్లు ముందుగా ఏరి డాక్టరుకు ఇవ్వండి. మిగిలినవాళ్లలో కింది సెట్టు మూల ఎక్కడ గుచ్చుకుంటోందో వేలితో చూపించమని అడిగి, ఆ చోటు కాగితం మీద గుర్తు పెట్టుకుని, ఆ కాగితాన్నీ కింది సెట్టునూ కలిపి డాక్టరు దగ్గరకు పంపండి. మీ సెట్టు పోయినాయన కోసం ముందు బీరువా పైన వెతికించండి, ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.